ఒక విత్తు, మూడు మొలకలు

పోయినేడు అక్టోబర్లో హబ్సిగూడలో మా ఇంటి వెనకున్న కాస్త నేలలో బీట్‌రూట్ వేశా. గుంటకి ఒక్కటి చొప్పున లెక్కపెట్టి మరీ ఇరవై విత్తులు. పది రోజులయ్యేసరికి ఒక్కో గుంటలో రెండేసి, మూడేసి మొలకలు! కోడ్‌లో బగ్ వచ్చినప్పటిలాగే ముందు నన్ను నేనే అనుమానించుకున్నా.

మిగిలిన విత్తులు చేతిలో పోసుకుని చూసి "ఇవి పాలకూర గింజల్లా ఉన్నాయేంట్రా?" అంది అమ్మ. తీరా చూస్తే ఆవిడే కరెక్టు. మన పాలకూరా, బీట్‌రూటూ ఒకే జాతి. మనం విత్తు అనుకునేది అసలు విత్తే కాదు, కొన్ని పూలు కలిసిపోయి గట్టిపడిన గుత్తి. ఒక్కో పువ్వుకీ ఓ గింజ.

ఇంత చిన్న విషయం వెనక పెద్ద కథే ఉందండీ. 1747లో బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త బీట్ దుంపలో ఉన్నది చెరకు చక్కెరే అని తేల్చాడు. ఆయన శిష్యుడు అషార్ పెట్టిన ఫ్యాక్టరీ 1802లో పని మొదలుపెట్టింది. బ్రిటన్‌తో యుద్ధం వల్ల చెరకు చక్కెర దొరక్కపోయేసరికి, 1811లో నెపోలియన్ 32,000 హెక్టార్లలో బీట్ వేయమన్నాడు. వేయమనడం సులువే.. గుత్తికి ఒక్క మొక్క ఉంచి మిగతావి పీకేదెవరు? కూలీలే, నడుం వంచి. ఉక్రెయిన్ నుంచి అమెరికా వలస వెళ్ళిన సావిట్‌స్కీ, 1948లో ఒరెగాన్ పొలాల్లో వెతికి వెతికి ఒంటి గింజ కాసే మొక్కలు పట్టుకున్నాకే చక్కెర బీట్‌కి ఆ తిప్పలు తగ్గే దారి దొరికింది. కూర బీట్‌రూట్ ప్యాకెట్లలో మాత్రం ఎక్కువగా ఇప్పటికీ గుత్తులే.

అమ్మకి పీకడానికి చేతులు రాలేదు. "వచ్చిన మొలకని చంపుతామా?" అని సగం గుంటలు అలాగే వదిలేసింది. పీకిన చోట పిడికిలంత దుంపలు, వదిలిన చోట వేలంత.

అంతకంటే ఆవిడకి కష్టం అనిపించింది ఇంకోటి. బెండ, చిక్కుడు, తోటకూర.. ఏది వేసినా ఓ మొక్కని గింజకి వదలడం ఆవిడ అలవాటు. బీట్‌రూట్‌నీ ఒకటి వదిలింది. మే వచ్చింది, మొక్క వాడిపోయింది, పువ్వు మాత్రం లేదు. ఇది రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు దుంప, ఆపైన వారాల తరబడి గట్టి చలి తగిలితేనే పువ్వు. మన హైదరాబాద్ చలి దానికి ఏమూలకీ చాలదు. అందుకే మన దేశంలో ఈ విత్తనాన్ని కులూ లోయ, కాశ్మీర్ లాంటి చోట్ల పండిస్తారు. పాలకూరేమో మన మైదానాల్లోనే గింజ కడుతుంది.

"అంటే ఇది ఏటా వచ్చిపోయే చుట్టమే గానీ ఇంటిది కాదన్నమాట" అంది అమ్మ.

ఈ అక్టోబర్‌కి మళ్ళీ ప్యాకెట్ కొనాల్సిందే. ఈసారి పీకే పని నాది.