పురానాపూల్: ప్రేమ కట్టించిందా, వర్తకం కట్టించిందా?

హైదరాబాద్‌లో మూసీపై ఉన్న వంతెనల్లో పురానాపూలే పెద్దది వయసులో. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో దీన్ని కట్టించాడు. ఎందుకని అడిగితే ఊళ్లో ఒకటే జవాబు వినిపిస్తుంది: ప్రియురాలు భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరద మూసీలోకి గుర్రాన్ని దూకించాడట, కొడుకు ప్రాణం మీద బెంగతో తండ్రి వంతెన వేయించాడట.

ఈ కథకు మొదటి చిక్కు తేదీలతోనే. మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. వంతెన నాటికి అతనికి పన్నెండు, పదమూడేళ్లు. పని మొదలైనప్పటికి ఇంకా పసివాడు. అలాగని భాగమతి ఊసునే కొట్టిపారేయలేం. అక్బరు దూతగా దక్కనుకు వచ్చిన ఫైజీ 1590లలోనే ఆమెను ప్రస్తావించాడు. ఆ తర్వాత చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అయితే ఇద్దరూ గోల్కొండ కొలువుకు బయటివారే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన హరూన్ ఖాన్ షేర్వానీ ఈ గాథను చరిత్రగా ఒప్పుకోలేదు. భాగమతి ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, వంతెన ఆమె కోసమేనా అన్నది మరొకటి. రెండోదానికి ఆధారం మరీ పలచన.

ఇక నేల సాక్ష్యం చూద్దాం. గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. మచిలీపట్నం రేవుకు పోయే బాట నది దాటి దక్షిణపు ఒడ్డున సాగుతుంది. కోటకూ వంతెనకూ నడుమ ఉన్న పేట పేరు కార్వాన్. బిడారు వర్తకుల మజిలీ అది. హుస్సేన్ సాగర్‌నూ ఇబ్రహీంపట్నం చెరువునూ తవ్వించినవాడు కూడా ఇబ్రహీమే; ఇలాంటి పనులు అతనికి కొత్త కాదు. కాబట్టి రాకపోకల అవసరమే వంతెనకు కారణమని అనుకోవడం సబబు. ఇది నా ఊహే, కానీ ప్రేమకథ కన్నా దీనికి ఊతం ఎక్కువ. హైదరాబాద్ నగరంతోపాటు వెలిసిన చార్మినార్ 1591 నాటిది. అంటే నగరం కోసం వంతెన రాలేదు. వంతెన పడిన పదమూడేళ్లకు నగరం వెలిసింది.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పురానాపూల్‌ను పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనతో పోల్చాడు. చిత్రంగా దానికి శంకుస్థాపన జరిగిందీ 1578లోనే.

వంతెన పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు. కమానులు 22 అని కొందరు, 23 అని కొందరు రాశారు. దక్షిణపు కొసన ఉన్న దర్వాజాను వంతెనతోపాటే కట్టారనుకోవడం పొరపాటు. అది పద్దెనిమిదో శతాబ్దంలో లేచిన నగర ప్రాకారానికి చెందినది.

1908 సెప్టెంబరు 28 వరదలో అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి, పురానాపూల్ నిలబడింది. ఆ విపత్తు తర్వాతే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు; వరదను అదుపు చేసే జలాశయాలుగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

ఇప్పుడు బండ్లు పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతున్నాయి. పాత రాళ్ల మీద గోనెపట్టాలు పరిచి ఉల్లిగడ్డలు, ఆకుకూరలు అమ్ముతున్నారు. ప్రేమకథను కథగా చెప్పుకుంటే తప్పులేదు. చరిత్రగా రాసేటప్పుడు మాత్రం వంతెన ముందు, నగరం వెనుక అన్న వరుసను మరవకూడదు.