చేవెళ్ల మర్రుల బాట

హైదరాబాద్ అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా వెళ్లే బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా సుమారు 900 మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో నాటించినవని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. ఈ దారినే వచ్చి హిమాయత్‌నగర్ దగ్గర మలుపు తిరిగితే చిలుకూరు బాలాజీ గుడి, దాని పక్కనే మృగవని జాతీయ ఉద్యానవనం, ఆవల గండిపేట చెరువు. గుడికీ చెరువుకూ చరిత్ర ఉందని అందరూ ఒప్పుకుంటారు. మర్రుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోడ్డు విస్తరణకు అడ్డం అంటారు. ఈ మాట సరికాదు. ఈ మర్రులు వాటంతటవే మొలిచినవి కావు. గుడిలాగే, ఆనకట్టలాగే మనుషులు ముందుచూపుతో కట్టుకున్న కట్టడం ఇది.

బాటపక్కన మర్రి నాటడం మన నేలమీద చాలా పాత అలవాటు. పశువులకూ మనుషులకూ నీడ కోసం దారుల వెంట మర్రులు నాటించానని అశోకుడు తన ఏడో స్తంభ శాసనంలో రాయించుకున్నాడు. అంటే ఈ ఆచారానికి 2,200 ఏళ్లు దాటాయి. అన్ని చెట్లుండగా మర్రినే ఎంచుకోవడానికి బలమైన కారణాలున్నాయి. లావుపాటి కొమ్మ నరికి పాతితే వేళ్లు తన్నుకుంటుంది. ఎండాకాలంలోనూ నిండుగా నీడనిస్తుంది. అడ్డంగా విస్తరిస్తుంది కాబట్టి రెండు వైపుల కొమ్మలూ నడిమధ్యన కలుస్తాయి. కాలినడకన, ఎడ్లబండ్ల మీద ప్రయాణం సాగిన రోజుల్లో ఆ నీడే బాటసారికి సత్రం.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం ఈనాటికీ పచ్చగా ఉందంటే ఇలాంటి నిర్ణయాల వల్లనే. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి వచ్చే నీటిని కాపాడేందుకు 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో 69 జీవోతో వాటిని సడలించారు. చిలుకూరు గుడి కూడా ఒక నియమం మీదే నిలబడింది. అక్కడ హుండీ లేదు, డబ్బిచ్చి త్వరగా దర్శనం చేసుకునే ఏర్పాటూ లేదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. చేవెళ్ల నేలలో పండే క్యారెట్, టమాటా, ఆకుకూరలు, పూలు నగర మార్కెట్లకు వెళుతున్నాయంటే, అక్కడ ఇంకా సాగుభూమి మిగిలి ఉండబట్టే. దైవం, ప్రకృతి, తిండి అని మనం వేరుచేసి చూసేవన్నీ ఇక్కడ ఒకే కట్టుబాటు మీద ఆధారపడ్డాయి.

మర్రిపండును చీల్చి చూస్తే ఈ చెట్లు వరుసగా ఉండటం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. మనం పండు అనుకునేది నిజానికి పూలగుత్తిని లోపల దాచుకున్న సంచి. గింజంత కందిరీగ ఒకటి సన్నని రంధ్రంలోంచి లోపలికి దూరి పూలను ఫలదీకరించి, అక్కడే గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు బయటికొచ్చాక కొద్దిరోజులే బతుకుతాయి. ఆలోగా లేత కాయలున్న మరో మర్రిని చేరాలి. ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకేసారి పండుతాయి, పక్కచెట్టువి మరో నెలలో పండుతాయి. అందుకే ఏదో ఒక మర్రి మీద పిట్టలకూ గబ్బిలాలకూ తిండి దొరుకుతూనే ఉంటుంది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి మిగిల్చితే చాలదు. వరుస తెగితే ఈ ఏర్పాటూ తెగుతుంది.

రోడ్డా, చెట్లా అన్న ఇదే పరీక్షను జపాన్‌లోని నిక్కో కొండపట్టణం ఎదుర్కొంది. 1617లో వెలసిన తోషోగూ మందిరానికి వెళ్లే దారుల వెంట మత్సుదైరా మసత్సునా అనే ఆయన 20 ఏళ్లపాటు దేవదారును పోలిన సుగి చెట్లు నాటించాడు. ఇప్పటికీ 35 కిలోమీటర్ల మేర సుమారు 12,000 చెట్లు నిలిచి ఉన్నాయి. యాత్రికులు మందిరం, జలపాతం, సోయాపాల మీగడతో చేసే యుబా వంటకాలతో పాటు ఆ చెట్లబాటనూ చూడటానికి వస్తారు. మందిరం పక్కనున్న పాత సుగి చెట్లను రోడ్డు కోసం నరకాలని ప్రభుత్వం పూనుకున్నప్పుడు, ఆ స్థలానికున్న సాంస్కృతిక విలువను సరిగా తూచలేదంటూ టోక్యో హైకోర్టు 1973లో మందిరం పక్షాన తీర్పిచ్చింది. వాహనాల రద్దీ నిజమే అయినా, ఒకసారి పోతే తిరిగి తేలేనిదాన్ని అలవోకగా వదులుకోకూడదన్నది ఆ తీర్పు సారం.

చేవెళ్ల మర్రులను ఉంచాలనే వాదనకు ఎదురయ్యే అభ్యంతరం చిన్నది కాదు. 2025 నవంబర్ 3న ఈ రోడ్డు మీదే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఈ ఇరుకు రోడ్డు విస్తరించాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఎదురెదురుగా వచ్చే వాహనాలను విడదీయడం ఒక పని, చెట్లు కొట్టడం మరో పని. మర్రుల వరుసను మధ్యలో ఉంచి పక్కన రెండో రోడ్డు వేస్తే పాతది ఒక దిశకు, కొత్తది మరో దిశకు పనికొస్తాయి, ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదమూ తగ్గుతుంది. అందుకు అదనంగా భూమి కావాలి, రైతుకు న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఆ ఖర్చు ఒప్పుకోదగినదే. పెకిలించి వేరేచోట నాటొచ్చు కదా అంటారు. మర్రి బతకొచ్చు, కానీ కొమ్మలన్నీ నరికితేనే అది కదులుతుంది. మళ్లీ ఆ గొడుగు విచ్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. మరో దారి లేనిచోట మాత్రమే అది ఆఖరి మార్గం కావాలి.

ఈ వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అయినా కోర్టు కాగితాలొక్కటే చెట్లను కాపాడలేవు. రోడ్డు పని సాగుతున్నప్పుడు మొదళ్ల చుట్టూ తారు పోయకుండా, వేళ్లు తెగకుండా చూడాల్సింది చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత స్థానిక సంస్థలు, ఈ దారిన వచ్చే భక్తులు. చిలుకూరుకు వచ్చే ప్రతి కుటుంబం ఈ మర్రులను కూడా క్షేత్రంలో భాగంగా లెక్కించి, వాటి తరఫున అడగాలి.