గని ఒకచోట, నగరం మరొకచోట

1904 ఫిబ్రవరి 24న భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ జంషెడ్‌జీ టాటాకు ఒక లేఖ రాశారు. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందన్నది దాని సారాంశం. టాటా ఆ మే నెలలోనే కన్నుమూశారు.

జంషెడ్‌పూర్ చరిత్ర చెప్పేవారు ఈ లేఖ నుంచి నేరుగా కొలిమి దగ్గరకు వెళ్లిపోతారు. కానీ ఖనిజం దొరికిన చోట నగరం పుట్టలేదు. ఉక్కుకు ఝరియా బొగ్గు రావాలి, పుష్కలంగా నీరుండాలి, సరుకు కలకత్తా రేవుకు చేరాలి. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమం దగ్గర, బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కాళీమాటి స్టేషన్‌కు చేరువలో ఉన్న సాక్చీ గ్రామం వీటన్నిటికీ అనువైనది. 1894 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వమే భూమి సేకరించి ఇచ్చింది. 1907లో కంపెనీ ఏర్పడింది, 1912లో ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాళీమాటి టాటానగర్ అయింది.

1911 జనగణనలో ఆరు వేలకు లోపున్న జనాభా 1921 నాటికి 57 వేలు దాటింది. ఇది పుట్టుకలతో పెరిగిన సంఖ్య కాదు, వలస. బెంగాలీలు, బిహారీలు, పంజాబీలతో పాటు మన ఉత్తరాంధ్ర వారూ వెళ్లారు. వాల్తేరును కలిపిన రైలు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేదే. నేటికీ అక్కడ తెలుగు వినిపిస్తుంది. సొంత నేలపై ఉన్న సంతాల్, హో, భూమిజ్ ఆదివాసులకు మాత్రం ఎక్కువగా దక్కింది కూలిపనే.

స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీ మరో దెబ్బ తీసింది. 1950లలో మొదలై 1990ల తొలినాళ్ల వరకు సాగిన రవాణా ఛార్జీల సమీకరణ విధానం వల్ల దేశంలో ఎక్కడ కొన్నా ఉక్కు ధర ఒకటే. ఇక బొంబాయి పారిశ్రామికవేత్త గనుల పక్కకు వచ్చి ఫ్యాక్టరీ ఎందుకు పెడతాడు? వెనుకబాటుకు బిహార్ రాజకీయాలనే తప్పుపట్టే మన విశ్లేషకులు ఈ విధానాన్ని తరచూ మరచిపోతారు.

2000 నవంబర్‌లో జార్ఖండ్ ఏర్పడింది. ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుందని సుప్రీంకోర్టు తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం తేల్చడానికి 2024 జులై దాకా పట్టింది. 2011 నాటికే జంషెడ్‌పూర్ పట్టణ సముదాయ జనాభా 13 లక్షలు దాటింది. గోరుమహిసాని పేరు మాత్రం మయూర్‌భంజ్ దాటితే ఎందరికి తెలుసు?