పసరు నుంచి క్రీము దాకా

కేసీ కాలువ కింద వరి కోస్తుంటే కొడవలితో చెయ్యి తెగిందనుకోండి. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో గట్టు మీది గడ్డిచామంతి ఆకులు నలిపి పసరు పిండడం పాత అలవాటు. గాయపాకు అన్నా అదే. అయితే ఆ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. సుశ్రుతుడు ఎరగని ఆకు అది.

ఆయన ఎరిగినవీ తక్కువేం కాదు. వ్రణ చికిత్సకు, అంటే పుండ్లు మాన్పడానికి, సుశ్రుత సంహిత 60 ఉపక్రమాలు (పద్ధతులు) చెప్పింది. వాటిలో కషాయంతో కడగడం ఉంది, ఆకుల ముద్ద ఉంది, నెయ్యి, తైలం, పైన చల్లే పొడి ఉన్నాయి. మధుమేహం ఉన్నవాళ్ల పుండ్లు మానడం కష్టమని కూడా ఆ గ్రంథమే చెప్పింది. నా దృష్టిలో ఆ 60 ఒక ఎత్తు, ఈ హెచ్చరిక ఒక్కటే ఒక ఎత్తు. పసరును తరతరాలుగా దాచుకున్నాం గానీ ఈ మాటను పట్టించుకోలేదు.

ఒంట్లో జబ్బు లేనివాడికి కొడవలి గాయం చాలావరకు దానంతటదే మానుతుంది, పసరు తోడవుతుంది అంతే. షుగర్ పుండు తీరు వేరు. నరాలు మొద్దుబారి ముల్లు దిగినా తెలియదు. రక్తనాళాలు పూడుకుపోయి పాదానికి రక్తం చాలదు. క్రిములను, చచ్చిన కణజాలాన్ని ఊడ్చే తెల్లకణాలు ఆ తర్వాత మరమ్మతు పనికి మళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లలో అవి సరిగా మళ్లవు. పుండు నెలల తరబడి వాపు దశలోనే ఉండిపోతుంది.

ఇక ఈ పాత విద్య ఎవరిదన్న తగువూ నడిచింది. గాయానికి పసుపు వాడడంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలతో పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ గెలుపుతో విద్య మనదని తేలింది. షుగర్ పుండును ఏ ఆకు మాన్పుతుందో తేలాలంటే మాత్రం రోగుల మీద పరీక్ష జరగాలి.

ఆ పని తైవాన్ వాళ్లు చేశారు. వాళ్లు ఎంచుకున్నవి వాము ఆకు, సరస్వతి ఆకు. ఒకటి మన పెరట్లో బజ్జీలకు కోసుకునేదే! రెండింటి సారాన్ని శుద్ధి చేసి, మోతాదు కట్టి, ఓఎన్101 అనే క్రీము చేశారు. షుగర్ వల్ల పాదంలో పుండు పడిన 236 మందిపై పరీక్షించారు. 16 వారాల్లో క్రీము రాసినవాళ్లలో 60.7 శాతం మందికి, చెమ్మ పీల్చే కట్టు కట్టినవాళ్లలో 35.1 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. 2021లో తైవాన్ దాన్ని మందుగా ఆమోదించింది. తెల్లకణాలను మరమ్మతుకు మళ్లించడమే దాని పని.

పెరటి ఆకును నలిపి పిండితే ఆ క్రీము రాదు. సారం పాళ్లు కుదరవు, పైగా ఆకు మీది మట్టీ క్రిములూ పుండులోకి దిగుతాయి. పాదం నల్లబడినా, చీము పట్టినా పసరు జోలికి పోకుండా నంద్యాల సర్కారు ఆసుపత్రికో కర్నూలు పెద్దాసుపత్రికో ఆ రోజే వెళ్లాలి.