దక్షిణధ్రువ ఖండము – కృష్ణా డెల్టా

విజయవాడ వద్ద ప్రకాశం బారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైనది. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము ఆ ఏడాది జూలై 1న మొదలై 1958 చివరి వరకు సాగినది. ఇక్కడ కృష్ణ నీటిని కాలువలకు మళ్ళించు పని పూర్తియగుచుండగా, 12 దేశముల శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలో మంచు మందమును, గాలిని, భూఅయస్కాంతత్వమును కొలుచుచుండిరి. ఈ రెంటికి సంబంధమేమని పాఠకులకు తోచవచ్చును. ఆ సంబంధము వానలోను, సముద్రములోను ఉన్నది.

అప్పటికే బ్రిటన్, ఫ్రాన్సు, నార్వే, ఆస్ట్రేలియా, న్యూజీలండు, అర్జెంటీనా, చిలీ ఆ ఖండములోని భాగములు తమవని ప్రకటించుకొన్నవి. అణ్వస్త్ర పరీక్షలు ముమ్మరముగా సాగుచున్న రోజులవి. జనసంచారము లేని ఆ మంచునేలపై అట్టి పరీక్షలు జరిగినచో ఋతుపవనములు చెదరునేమోనని భారతదేశము శంకించినది. డెల్టా రైతుకు ఇది దూరపు మాట కాదు. బారేజి నీటిని నిలిపి పంచగలదే గాని వానను కురిపించలేదు.

1956లోను, తిరిగి 1958లోను భారతదేశము అంటార్కిటికా సమస్యను ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో చర్చకు తేవలెనని ప్రయత్నించినది. ఆ ఖండమును శాంతియుత ప్రయోజనములకే వినియోగించవలెనని కోరినది. అర్జెంటీనా, చిలీ గట్టిగా వ్యతిరేకించినవి. రెండు సారులును ప్రతిపాదనను విరమించుకొనవలసి వచ్చినది.

1959 డిసెంబరు 1న వాషింగ్టనులో 12 దేశములు అంటార్కిటికా ఒడంబడికపై సంతకములు చేసినవి. దాని ప్రకారము అక్కడ సైనిక చర్యలు, అణువిస్ఫోటనములు నిషిద్ధములు. హక్కుల తగవులు ఉన్నవి ఉన్నట్లే నిలిచిపోయినవి. భారతదేశము కోరినది చాలవరకు నెరవేరినది గాని, సంతకము చేసినవారిలో భారతదేశము లేదు.

అయితే ఒడంబడికలో ఒక నియమము కలదు. తరువాత చేరిన దేశము నిర్ణయములలో పాల్గొనవలెనన్న అక్కడ చెప్పుకోదగిన పరిశోధన చేసి చూపవలెను. డాక్టరు ఎస్. జెడ్. ఖాసిం నాయకత్వమున 21 మందితో బయలుదేరిన మొదటి భారత యాత్ర 1982 జనవరి 9న ఆ నేలపై అడుగుపెట్టినది. 1983 ఆగస్టులో భారతదేశము ఒడంబడికలో చేరినది. సెప్టెంబరులో నిర్ణయాధికారము లభించినది. వాదనతో తెరువబడని తలుపు పరిశోధనతో తెరువబడినది. 1983–84లో మూడవ యాత్ర ‘దక్షిణ గంగోత్రి’ కేంద్రమును నిర్మించినది. దాని నాయకుడు డాక్టరు హర్ష్ గుప్తా తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టరైనారు.

2012లో లార్సమన్ కొండలలో ‘భారతి’ కేంద్రము వెలసినది. అక్కడి ఉపగ్రహ సమాచారము హైదరాబాదు సమీపమున షాద్‌నగరుకు చేరుచున్నది. కొండపల్లి కొండలలోని చార్నొకైటు వంటి శిలలు తూర్పు అంటార్కిటికాలోను ఉన్నవి. సుమారు 100 కోట్ల ఏండ్ల క్రింద తూర్పు కనుమలు, ఆ తీరము ఒకే పర్వతశ్రేణిగా ఉండి, సుమారు 13 కోట్ల ఏండ్ల క్రింద విడిపోయినవని భూగర్భ శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఆ విడిపోయిన నేలపై నిలిచిన మంచు అంతయు కరిగినచో సముద్రమట్టము సుమారు 58 మీటర్లు పెరుగును. అట్టి కరుగుదలకు వేల ఏండ్లు పట్టును గాని, కొంత పెరిగినను పల్లపు సీమలకు ముప్పే. 1901–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. 1977 నవంబరు 19న దివిసీమపై సుమారు 5 మీటర్ల ఉప్పెన విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. సముద్రము ఎంత ఎత్తున ఉండునో ఉప్పెన అంత పైనుంచి లేచును.

ఎగువ నుంచి వచ్చు నీటిని కొలుచుట కృష్ణా డెల్టాకు 1855 నాటి ఆనకట్ట కాలము నుంచి అలవాటే. దిగువ నుంచి రాగల నీటిని తెలిసికొనుటకు మాత్రము ధ్రువము వరకు పోయి కొలువవలసి యున్నది.