కుండీలో ఒదిగిన మర్రి

ఒంగోలు నుండి పొదిలి వైపు వెళ్ళే దారిలో ఉన్న మా చీమకుర్తికి గెలాక్సీ గ్రానైటు వలన పేరు వచ్చింది. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ పలకలు దేశదేశాలకు వెళతాయి. ఆ రాయి పరిచిన ఇక్కడి వరండాలలో, గుమ్మానికి చెరొక పక్కన, తరచుగా కనబడేది రబ్బరు మొక్క. దాని ఆకు కూడా మెరుగుపెట్టిన రాతిలాగే నున్నగా, దట్టమైన రంగులో ఉంటుంది. అందుకే కాబోలు రెండింటికీ జత కుదిరింది.

ఈ మొక్క పేరు చాలామందిని తికమక పెడుతుంది. బండి టైర్లలో వాడే సహజ రబ్బరు దీని నుండి వచ్చేదేనని అనుకుంటారు. ఆ రబ్బరునిచ్చేది హెవియా అనే బ్రెజిల్ చెట్టు. అది ఆముదపు కుటుంబానికి చెందినది. కేరళ తోటలలో పాలు గీసేది దానినే. మన వరండాలోని మొక్క శాస్త్రనామం ఫైకస్ ఇలాస్టికా. ఇది మర్రి, రావి, మేడి, జువ్విచెట్ల దాయాది. దీని పాలలోనూ రబ్బరు ఉన్నది, ఒకప్పుడు దానితో వ్యాపారమూ సాగింది. ఆ వ్యాపారం దెబ్బతిన్న తరువాత దీనికి మిగిలిన ఉద్యోగం ఇంటి అలంకారమే. ఆ కథలో మన తెలుగునేలకు కూడా కొంత చోటున్నది.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1781 నుండి సామర్లకోటలో ఉంటూ అక్కడ మిరియాలు మొదలైన పంటలను పెంచి చూశాడు. చుట్టుపక్కల మొక్కలను సేకరించి, మన దేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. 1787 నాటి తుఫానులో ఆయన పుస్తకాలు, ఎండబెట్టి దాచుకున్న మొక్కలు కొట్టుకుపోయాయి. అయినా మళ్ళీ మొదలుపెట్టాడు. 1795 నుండి వెలువడిన ఆయన 'కోరమండల్ తీరపు మొక్కలు' అన్న గ్రంథంలో మూడు వందల చిత్రాలున్నాయి. అద్దకానికి వాడే చిరివేరు వంటి మొక్కల వివరాలున్నాయి. స్థానికులను అడిగి తెలుసుకున్న తెలుగు పేర్లను ఆయన లాటిను పేర్ల పక్కనే వ్రాసుకున్నాడు. తెలుగు పదాల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఆ జాబితా ఒక గని.

1793లో ఆయన కలకత్తా వనానికి అధిపతిగా వెళ్ళిపోయాడు. రబ్బరు మొక్క ఆయనకు తారసపడింది అక్కడే, అదీ ఒక తేనెబుట్ట రూపంలో. 1810 చివరలో సిల్హెట్‌లో ఉండే మాథ్యూ రిచర్డ్ స్మిత్ అనే ఆయన, ఉత్తరాన జయంతియా కొండల నుండి తెచ్చిన తేనెను, తెచ్చిన పాత్రతో సహా పంపించాడు. ఆ పాత్ర బేతపు చీలికలతో అల్లిన ముతక బుట్ట. సుమారు రెండు గాలన్లు, అంటే తొమ్మిది లీటర్లు పడుతుంది. బుట్టలో తేనె కారిపోకుండా ఎలా నిలిచింది? లోపల ఏదో చెట్టుపాలు పూశారని స్మిత్ వ్రాశాడు. రాక్స్‌బర్గ్‌కు తేనె కంటే ఆ పూత మీదనే ఆసక్తి కలిగింది. తేనె తీసివేసి కడిగి చూస్తే, బుట్ట లోపలి గోడలకు పలుచని రబ్బరు పొర అంటుకొని ఉన్నది. అప్పటికి యూరపువారికి రబ్బరు అంటే దక్షిణ అమెరికా సరుకు. ఆ పాలనిచ్చే చెట్టును గుర్తించి, సాగే గుణాన్ని బట్టి ఇలాస్టికా అని పేరు పెట్టాడు. ఆయన 1815లో మరణించాడు. ఈ సంగతి వ్రాసిన ఆయన 'ఫ్లోరా ఇండికా' పూర్తిగా అచ్చయింది 1832లో.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రాక్స్‌బర్గ్ కనిపెట్టాడని మనం చెప్పుకునే గుణాన్ని, ఆ బుట్ట పూసిన కొండవారు ఎప్పటినుండో వాడుకుంటున్నారు. వారికి తెలిసినది పాలు మాత్రమే కాదు. మేఘాలయలోని ఖాసీలు, జయంతియాలు ఈ చెట్టు ఊడలను వాగుకు అడ్డంగా నడిపించి, అవతలి గట్టున నాటుకొనేలా చేసి, వాటితోనే వంతెనలు పెంచుతారు. జింగ్‌కియెంగ్ జ్రి అంటే రబ్బరు చెట్టు వంతెన. అది పదం మోపడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. కట్టిన వంతెన ఏడాదికేడాది బలహీనమవుతుంది, పెంచిన వంతెన బలపడుతుంది. రాతిని డైమండు వైరుతో కోసే ఊరివాడిని కనుక, రాళ్ళను వేళ్ళతో కావలించుకొనే ఆ పనితనం నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరుస్తుంది.

కంపెనీ వారికీ, తరువాత వచ్చిన ప్రభుత్వానికీ కావలసినది మాత్రం పాలే. అస్సాం అడవులలోని చెట్లను ఇష్టం వచ్చినట్లు గాట్లు పెట్టి పీల్చివేశారు. అడవి తరిగిపోతుంటే 1873 ప్రాంతంలో తేజ్‌పూర్ దగ్గర చార్‌ద్వార్‌లో ప్రభుత్వమే ఈ చెట్ల తోట వేయించింది. అయితే మర్రిజాతికి తొందర ఉండదు. పాలు గీయడానికి దశాబ్దాలు ఆగాలి. ఇంతలో 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుండి డెబ్బయి వేల హెవియా గింజలను లండన్‌లోని క్యూ వనానికి చేర్చాడు. వాటి మొలకలు సింహళానికీ, మలయాకూ వెళ్ళాయి. ఆరేడేళ్ళకే పాలిచ్చే హెవియా ముందు మన చెట్టు నిలువలేకపోయింది.

బజారులో ఓడిపోయిన ఈ చెట్టు పాశ్చాత్యుల ఇళ్ళలో నిలిచింది. పందొమ్మిదవ శతాబ్దంలోనే అక్కడి గదులలో ఇది అలంకారపు మొక్క. దట్టమైన అడవి నీడలో, తరచుగా మరొక చెట్టు కొమ్మ మీదనే మొలకెత్తి బ్రతకగల జాతి గనుక, మసక వెలుతురునూ కుండీలోని కాస్త మట్టినీ ఓర్చుకున్నది. ఇంటి దగ్గర మర్రి మొలిస్తే గోడ బీటలిస్తుందని పీకివేసే మనం, దాని దాయాదిని గుమ్మంలో నిలుపుకున్నాము! దీనిని కుండీ నుండి తీసి ప్రహరీ పక్కన నాటితే మాత్రం ఆ పాత భయం నిజమే అవుతుంది.

అడవిలో దాని నడవడి తెలిస్తే పెంపకం తేలిక. ఎండ నేరుగా పడకుండా వెలుతురు బాగా తగిలే చోటు కావాలి. మా ఎండాకాలంలో రాతి అరుగు సెగకు ఆకుల అంచులు మాడతాయి, కనుక కుండీని లోపలికి జరపాలి. పైమట్టి రెండంగుళాలు ఆరిన తరువాతే నీరు పోయాలి. ఈ మొక్కలు ఎక్కువగా చచ్చేది నీరు చాలక కాదు, నిలిచిన నీటికి వేళ్ళు కుళ్ళి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపితే నీరు చక్కగా దిగిపోతుంది. కొత్త ఆకును కప్పి ఉండే ఎర్రని తొడుగు దానంతట అది రాలుతుంది, చేతితో లాగరాదు. కొమ్మ కత్తిరించినప్పుడు కారే పాలు చర్మానికి దురద కలిగించవచ్చు, పసిపిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనీయరాదు.

గింజల కోసం ఎదురు చూడవద్దు. మేడిపండులోని పురుగుల సంగతి వేమన పుణ్యాన తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ పురుగులలో పండు లోపల దాగిన పూలను ఫలింపజేసే చిన్న కందిరీగలు కూడా ఉంటాయి. ఈ జాతిలో ఒక్కొక్క చెట్టుకు దాదాపు ఒక్కొక్క కందిరీగ. రబ్బరు మొక్కకు తోడైన కందిరీగ దాని సొంత అడవులలోనిది. అందువలన ఇక్కడ గాలి అంటు కట్టాలి. కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడు తీసి, తడి నాచు గాని కొబ్బరి పొట్టు గాని అద్ది, ప్లాస్టిక్ కాగితం చుట్టి కడితే కొన్ని వారాలలో వేళ్ళు వస్తాయి. మా ఇంటి మొక్క కడియం నర్సరీల నుండి వచ్చినది. కడియం నుండి రాక్స్‌బర్గ్ నివసించిన సామర్లకోట ఎంతో దూరం లేదు.

ఈమధ్య ఈ మొక్కకు మరొక ఉద్యోగం కల్పించారు, ఇంటి గాలిని శుభ్రం చేయడం. 1989లో నాసా వారు ఇంటి మొక్కలతో చేసిన ప్రయోగాల నుండి పుట్టిన నమ్మకమిది. అవి మూసిన పెట్టెలలో చేసినవి. 2019లో అటువంటి అధ్యయనాలన్నిటినీ మళ్ళీ లెక్కవేసిన పరిశోధకులు, మామూలు గాలి రాకపోకలతో సమానం కావాలంటే చదరపు మీటరుకు కనీసం పది, ఇంకా ఎన్నో రెట్లు మొక్కలు కావాలని తేల్చారు. రాతిపొడి ఎగిరే మా ఊరికి ఇది ముఖ్యమైన మాట. రబ్బరు మొక్క మా దుమ్మును మింగివేయదు. దాని వెడల్పాటి ఆకు చేసేది ఆ దుమ్మును పట్టి చూపించడం. తడిగుడ్డతో ఆకు తుడిస్తే గుడ్డ బూడిదరంగుకు తిరుగుతుంది. మన ఊపిరితిత్తులను అలా తుడిచే గుడ్డ లేదు. ఆ పొడిని అణచవలసినది పనిచోట చల్లే నీళ్ళు, లారీల మీద కప్పే పట్టాలు. కుండీలోని మొక్క మీద ఆ భారం మోపి నిశ్చింతగా ఉండరాదు.

పాలకోసం ఒకసారి, గాలికోసం ఒకసారి ఈ చెట్టును మనుషులు పనికి కుదుర్చుకున్నారు. రెండుసార్లూ అది వారి లెక్కకు అందలేదు. ఏ లెక్కా లేకుండా వారానికొకసారి ఆకులు తుడిచి, రెండేళ్ళకొకసారి కుండీ మార్చి చూసుకునే ఇళ్ళలో మాత్రం అది ఏళ్ళ తరబడి ఉంటున్నది.

రాక్స్‌బర్గ్ అడిగి వ్రాసుకున్న తెలుగు పేర్లన్నీ మన నేల మొక్కలవి. ఈ మొక్క పరాయి పేరుతోనే మన గుమ్మం ఎక్కింది. మీ ప్రాంతంలో దీనికి తెలుగు పేరేదైనా వాడుకలో ఉంటే, చదువరులు దయచేసి తెలుపగలరు.