గట్టెక్కే నెల

మా ఊరికి రెవెన్యూ రికార్డుల్లో ఒక పేరుంది. అమలాపురం బజార్లో ఆ పేరు చెబితే ఎవరికీ తట్టదు. "లంకోళ్ళా? ఆయ్, అలా చెప్పండి మరి" అంటారు. వైనతేయ పాయలో గన్నవరం దిగువన ఉన్న లంకల్లో మాదొకటి. ఊరి చరిత్ర రాద్దామని కూర్చుంటే శాసనం లేదు, కోట లేదు. రాములవారి గుడి కూడా పాతది ఏట్లో కలిసిపోతే వెనక్కి జరిపి కట్టినదే. ఉన్నదల్లా మా పెంకుటింటి వసారా గోడ మీద గీతలు. బొగ్గుతో గీస్తే సంక్రాంతి సున్నానికి పోతాయని మా తాత మేకుతో గీసేవాడు. ఒక్కో గీత ఒక్కో వరద.

తేదీలు కూడా మాకు ఆ గీతల లెక్కనే. మా పెద్దత్త "యాభైమూడు వరదకి పాకే పిల్ల". మా చిన్న బాబాయి పెళ్ళి "ఎనభైయ్యారు వరద ముందు వేసవిలో". పుట్టినరోజులు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు గానీ నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో అందరికీ గుర్తే.

ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడు. గన్నవరం దగ్గర పంట కాలువని ఏటి మీదుగా దాటించే అక్విడక్టూ ఆ రోజుల పనే. కోనసీమలో దొర బొమ్మ లేని ఊరు తక్కువ. మా ఇంట్లోనూ పటం ఉండేది, మామ్మ శుక్రవారం శుక్రవారం దానికీ ఓ పువ్వు పెట్టేది. కాదనను. కాకపోతే పొలాలు మునగకుండా ఏటికి రెండు పక్కలా గట్లు లేచాక, గట్టు లోపలివాళ్ళు రైతులయ్యారు, గట్టు బయట ఉండిపోయిన మేం ఏటిలోవాళ్ళం అయ్యాం. ఒకప్పుడు ఊళ్ళ మీదుగా పల్చగా పరుచుకుపోయే నీరు రెండు గట్ల మధ్యే ఇరుక్కుని పొంగితే ముందు ఎక్కేది మా గుమ్మమే. పంట కాలువ మా నెత్తి మీదుగా పోయి అవతలి గట్టు పొలాలు తడుపుతుంది, మా పొలాలకి ఏరే వచ్చి నీళ్ళు పెడుతుంది, అదీ తనకి ఇష్టమైనప్పుడు.

గట్టెక్కడం అంటే మిగతా తెలుగువాళ్ళకి కష్టం దాటడం. మాకు అది ఏడాదిలో ఒక పని, ఆవకాయ పెట్టడంలాగా. జ్యేష్ఠం వచ్చేసరికి మా అమ్మ ఎండిన కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు అటకెక్కించేది. వరదలో అన్నింటికంటే ముందు కరువయ్యేది ఎండు పుల్ల. తర్వాత ఆవకాయ జాడీలు, విత్తనాల మూటలు, పెళ్ళిచీరలున్న ట్రంకుపెట్టె. ఇత్తడి సామాను తడిస్తే ఏం కాదని కిందే ఉంచేస్తారు అనుకుంటాం గానీ, అమ్మ కలశం చెంబు మాత్రం అటక దూలానికి మేకు కొట్టి వేలాడదీసేది. "మిగతావి కొట్టుకుపోతే కొనుక్కుంటాం, అది మా అమ్మది" అనేది. అమ్మ గట్టు లోపలి ఊరి పిల్ల. లంకకి పిల్లనివ్వడానికి వెనకాడే రోజులవి. ఇప్పటికీ వెనకాడుతున్నారనుకోండి.

ఆషాఢంలో ఏరు రంగు మారుతుంది. ఎర్ర నీరు వచ్చిందంటే పులసలు కూడా వచ్చినట్టే. ఒడ్డున జాలర్ల చుట్టూ కారుల్లో వచ్చినవాళ్ళు బేరాలాడుతుంటారు. మేం చూసేది మాత్రం నురుగు. నురుగు తెల్లగా విడివిడిగా పోతుంటే భయం లేదు. పసుపు పచ్చగా గుత్తులు కట్టి, మధ్యమధ్య చెట్ల కొమ్మలు కూడా వస్తున్నాయంటే పైన అడవుల్లో వాన గట్టిగా పట్టిందన్నమాట. సాయంత్రం నీటి అంచున నాన్న ఒక పుల్ల పాతి వచ్చేవాడు. తెల్లారి లాంతరు పట్టుకుని చూస్తే పుల్ల కనబడాలి. కనబడకపోతే ఇంకోటి పాతి గంట గంటకీ చూడాలి. ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తల్లో భద్రాచలం నీటిమట్టం చెప్పేటప్పుడు ఇంట్లో పాలు పొంగినా ఎవరూ లేచేవారు కాదు. నలభై మూడు అడుగులు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిది రెండోది, యాభై మూడు మూడోది. అక్కడి నీరు మా దాకా రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. ఆ రోజే మాకు గడువు. ముందు పశువులు వెళ్ళాలి, తర్వాత ముసలివాళ్ళు, బాలింతలు, గింజలు, ఆఖర్న మగవాళ్ళు.

1986 ఆగస్టు 14 గురువారం. నాకు పదో ఏడు. మర్నాడు జెండా పండగ, వరలక్ష్మీ వ్రతం రెండూ ఒకటే రోజు పడ్డాయి. బళ్ళో ఇస్తారన్న బిళ్ళల మీద నాకు ధ్యాస. వాయనాలకని అమ్మ మధ్యాహ్నమే ఇత్తడి గిన్నెలో శనగలు నానేసింది. నాలుగింటికి నాన్న పుల్ల చూసి పరుగున వచ్చాడు. పొద్దున్నించి మూడు పుల్లలు మునిగాయట.

పడవలో మామ్మ ఒడిలో దేవుడి పటాలు, పిన్ని ఒడిలో పసిది, అమ్మ ఒడిలో శనగల గిన్నె. నాన్న చూసి "అవి పారబోసి బియ్యం డబ్బా పట్టుకోవే" అన్నాడు. అమ్మ జవాబు చెప్పలేదు, గిన్నె మీద పైట కప్పుకుంది. ఆవు పడవ పక్కనే ఈదుతోంది. దాని మూపురం, ముక్కు తప్ప ఏమీ కనబడటం లేదు. పడవ నడిపే ఆయన గడ వేసి చూసి, అడుగు అందక, తెడ్డు తీసుకున్నాడు. నేను ఏటికి భయపడింది అప్పుడే, ఆయన ఏమీ మాట్లాడకుండా గడ పడవలో పెట్టేసినప్పుడు.

గట్టు మీద వెదురు బొంగులు పాతి బరకం కట్టారు. మూడిటుకల పొయ్యి. అటక మీది డొక్కలు నాన్న రెండో విడతలో తెచ్చాడు. శుక్రవారం పొద్దున్న మబ్బు కిందే అమ్మ తలస్నానం చేసి, బరకం మూల ఒక పీట వేసి కలశం పెట్టింది. మామిడాకులు లేవు, దొరికిన రావి మండే పెట్టింది. తోరానికి తొమ్మిది పోగుల దారం నాన్న చొక్కా కుట్టుకునే ఉండలోంచి తీసి, పసుపు రాసి, తొమ్మిది ముడులు వేసింది. కథ మామ్మకి నోటికి వచ్చు. గట్టు కింద ఏరు హోరుమంటుంటే ఆవిడ గొంతు పెంచి చెప్పింది. చారుమతి కలలో అమ్మవారు కనబడే చోటికి వచ్చేసరికి ఎవరిదో ఇంటి కప్పు, తాటాకులతో సహా, మా ముందు నుంచి కొట్టుకుపోయింది. దాని మీద ఒక కోడి. మామ్మ కథ ఆపలేదు.

శనగలు ఉబ్బి, చివర్న మొలక ముక్కు కూడా వచ్చాయి. ఆకుల్లేక దోసిళ్ళతోనే వాయనాలిచ్చింది అమ్మ. వరద కులాలన్నింటినీ కలిపేసిందని రాసేవాళ్ళున్నారు. నేనలా రాయను. గట్టు మీద కూడా ఊళ్ళో ఉన్నట్టే పేట పేటగా కూర్చున్నాం. నేల పల్లంగా ఉన్న చివర ఎవరి పాకలు పడ్డాయో చెప్పనక్కర్లేదు. అమ్మ ఆ చివరి దాకా వెళ్ళింది. మా పడవ నడిపిన ఆయన భార్యకి బొట్టు పెట్టి శనగలిచ్చి వచ్చింది. మామ్మ రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. తర్వాత ఉప్పు కావాల్సి వచ్చి మాట్లాడింది.

శనివారం, 16న, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. గోదారికి ఇప్పటిదాకా నమోదైన పెద్ద వరద అదే. ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులన్నారు. ఆ లెక్కలు నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. ఆ రాత్రి నాకు తెలిసింది, గట్టు మీద పడుకుంటే నేల సన్నగా వణుకుతోందని. మగవాళ్ళు లాంతర్లతో గట్టు లోపలి వాలు వెంట నడుస్తూనే ఉన్నారు. వాళ్ళు వెతికేది పై అంచు దాటే నీటి కోసం కాదు. ఎలక బొరియలోంచో ఎండ్రకాయ కన్నంలోంచో లోపలి పక్క ఊట వస్తోందా అని. ఊట తేటగా ఉంటే ఇసుక బస్తాలు చుట్టూ పేర్చి ఆపొచ్చు. బురదగా వస్తుంటే గట్టు లోపల కోసుకుపోతున్నట్టు. అప్పుడిక పిల్లల్ని తీసుకుని పరుగే. మా దగ్గర ఊట తేటగానే వచ్చింది. చాలాచోట్ల గట్టు తెగి, లంక మొహం ఎరగని ఊళ్ళు కూడా మునిగాయి. తర్వాతి ఏళ్ళలో గట్లు ఎత్తు పెంచారు, వెడల్పు చేశారు.

తొమ్మిది రోజులున్నాం. అమ్మ పుట్టింటివాళ్ళు రోజూ అన్నం గంప పంపేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా తెచ్చి పెట్టేవారు. ఇది డొక్కా సీతమ్మ గారి నేల కదా. అన్నం పెట్టడం ఇక్కడ గొప్ప కాదు, పెట్టకపోవడమే సిగ్గు. అంతర్వేది తీర్థానికి పల్లకీలో బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు తన ఇంటికే వస్తున్నారని విని వెనక్కి తిరిగిందని ఆవిడ గురించి చెప్పుకుంటారు. గన్నవరం కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు.

వెళ్ళడం ఒక పూట పని. తిరిగి రావడం నెల పని. దాని గురించి పత్రికలు రాయవు. అసలు కిటుకు ఏమిటంటే నీరు పూర్తిగా తీసేదాకా ఆగకూడదు. మోకాలి లోతు ఉండగానే ఇంట్లోకి దిగి, చీపురు కట్టలతో, కొబ్బరి మట్టలతో ఒండ్రుని కలియబెట్టి, దిగే నీటితో పాటే గుమ్మం బయటకి తోసెయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైతే పార పట్టాలి, వారమైతే గునపం. అటక మీద పాములుంటాయి, అవీ మనలాగే పైకెక్కినవే. మా మామ్మ కర్రతో దూలం మీద తట్టి "ఇక దిగండమ్మా, మేం వచ్చాం" అనేది. నూతిలో సున్నం, బ్లీచింగు. గోడలకి పేడ అలుకు. వసారా గోడ మీద తాత అంతకుముందు గీసిన గీతలన్నీ ఆ ఏడాది నీటి మరకకి కిందే ఉండిపోయాయి. నాన్న స్టూలెక్కి కొత్త గీత గీశాడు.

అరటి తోట మొత్తం నేలమట్టం, కంద కుళ్ళింది. కొబ్బరికి ఏమీ కాలేదు, అది ఎన్ని నీళ్ళయినా ఓర్చుకుంటుంది. పనస మాత్రం ఓర్చుకోదు. పెరట్లో పనస చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచి, ఆకు పండబారి, నిలువునా ఎండిపోయింది. నష్టం రాసుకెళ్ళడానికి వచ్చినాయన "పనస చెట్టుకి గడి లేదమ్మా" అన్నాడు. మూడు వారాలకే వినాయక చవితి. పొట్టిక్కలకి బుట్టలు కుట్టాలంటే పనసాకే కావాలి. అమ్మ పుట్టింటి నుంచి ఆకుల మోపు వచ్చింది. వినాయకుణ్ణి మామ్మ మా పడగ్గదిలోంచి తోడిన ఒండ్రుతోనే చేసింది. రాయీ రప్పా లేని మట్టి, వెన్నలా ఉంది. చేటల్లాంటి చెవులు పెట్టింది. కళ్ళకి గురివిందలు దొరక్క, మొలకెత్తి ఎండిన శనగలు రెండు గుచ్చింది.

ఆ ఒండ్రు మీదే కార్తీకానికి వంగ, బెండ, దోస కాశాయి. అరటి దొప్పల్లో దీపాలు వదిలే వేళకి ఏరు అమాయకంగా పారుతుండేది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరు ఊరంతా ఇసుక మేటల మీద సగం దూరం నడిచి, సగం పడవెక్కి పోయేవాళ్ళం. 1996 నవంబరు 6 తుపాను గురించి ఇక్కడ రాయను. అది రాత్రికి రాత్రి వచ్చి కొబ్బరి తోటల్ని పడుకోబెట్టి పోయింది. పుల్ల పాతి చూసుకునే గడువు ఇవ్వలేదు. మా ఊళ్ళో దాన్ని వరదల లెక్కలో కలపరు.

2022లో భద్రాచలం దగ్గర మళ్ళీ డెబ్భై అడుగులు దాటింది. అదీ జూలైలో, ఆషాఢంలోనే. కొత్త కోడళ్ళంతా పుట్టింటికి వెళ్ళి ఉన్నారు, వాళ్ళ అదృష్టం. ఎవరూ ఇంకా అటకలు సర్దలేదు. అసలు అటకలున్న ఇళ్ళే తక్కువ, అన్నీ స్లాబు ఇళ్ళు. మేడ మీదకెక్కి కూర్చుంటాం అన్నవాళ్ళు మూడో రోజుకి తాగునీటి కోసం పడవని కేకేశారు. హైదరాబాదు నుంచి, కువైట్ నుంచి పిల్లలు గంటకోసారి ఫోన్లో అంకెలు పంపుతున్నారు. అంకెలు ముందే తెలిశాయి గానీ, ఎండు పుల్లలు ఎవరింట్లోనూ లేవు, అందరివీ గ్యాసు బండలు, అవి తేలి పోతున్నాయి.

మాకిప్పుడు గట్టు లోపల చిన్న ఇల్లుంది. లంక ఇంట్లో అమ్మ ఒక్కతే, వరద నెలల్లో మాత్రం నా బలవంతం మీద ఇటు వస్తుంది. వచ్చేటప్పుడు కలశం చెంబు సంచిలో పెట్టుకుని వస్తుంది. ఇక్కడా ఒక మేకు కొట్టించి పైన వేలాడదీసింది, ఈ ఇంటికి నీళ్ళు రావని ఎంత చెప్పినా. పోయిన శ్రావణంలో వ్రతానికి ముందురోజు శనగలు నానేస్తూ అడిగింది.

"భద్రాచలంలో ఎంతటరా?"

"ముప్పై తొమ్మిది. తగ్గుతోందట."

"సరే అయితే, చెంబు దింపు."